ఏడాదికి మూడు రోజుల కూతురు

మహాలయ అమావాస్య నాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే కోల్‌కతా నగరం మేలుకొంటుంది. వీధులలో ఇంకా చీకటి విడదు. అయినా ఇంటింటా దీపం వెలుగుతుంది. రేడియో నుండి ముందుగా శంఖనాదం, ఆ పిమ్మట ఒక గంభీరమైన కంఠం వినవస్తాయి. ఏళ్ళ తరబడి అదే కంఠం, అవే శ్లోకాలు, అవే పాటలు. వృద్ధులు పక్క మీద లేచి కూర్చుంటారు. నిద్ర కన్నులతో పిల్లలు తల్లి ఒడిలోకి జరుగుతారు. దుర్గా పూజకు ఇంకా వారం గడువుంది. కాని నగరానికి పండుగ ఆ క్షణంలోనే మొదలైపోతుంది.

ఆ ఉదయమే, ఎంతో దూరాన తెలంగాణ పల్లెలలో ఆడపడుచులు తంగేడు పూలకు, గునుగు పూలకు చేలగట్ల మీద తిరుగుతూ ఉంటారు. ఆ సాయంకాలం ఎంగిలిపూల బతుకమ్మ. అత్తవారిళ్ళ నుండి కూతుళ్ళు పుట్టిళ్ళకు చేరుకునే వేళ అది. భాషలు వేరు, ఆచారాలు వేరు. అయినా ఒకే అమావాస్య నాడు రెండు సీమలూ ఎదురుచూచేది ఒకరి కొరకే. ఆమె పుట్టింటికి రావలసిన ఆడపిల్ల.

వంగదేశంలో ఆ ఎదురుచూపునకు ప్రత్యేకంగా ఒక పాటల కుటుంబమే ఉన్నది. అమ్మాయి రాకను పాడే పాటలను 'ఆగమనీ' అంటారు. ఆమె తిరిగి వెళ్ళిపోవడాన్ని పాడేవి 'విజయా' పాటలు. కోల్‌కతా దుర్గా పూజ అనగానే దేశమంతటికీ తోచేది విద్యుద్దీపాల తోరణాలు, ఆకాశాన్నంటే మంటపాలు, లక్షలాది జనం. ఆ వైభవానికంతటికీ అడుగున ఉన్నది మాత్రం ఒక తల్లి ఫిర్యాదు.

మహిషుని సంహరించే దేవికి పిల్లలెందుకు?

ఉత్తర కోల్‌కతాలోని కుమార్‌టులీ వీధిలో కుమ్మరులు తీర్చే దుర్గా ప్రతిమను ఒకసారి నిదానంగా చూడాలి. పది చేతులలో పది ఆయుధాలు. పాదాల చెంత సింహం, శూలం గుచ్చుకున్న అసురుడు. ఇది పురాణం. కాని ఆమెకు ఇరువైపులా లక్ష్మీ సరస్వతులు, గణపతి, కుమారస్వామి నిలిచి ఉంటారు. వంగీయుల భావనలో ఈ నలుగురూ ఆమె బిడ్డలే. యుద్ధరంగానికి ఏ తల్లి అయినా పిల్లలను వెంటబెట్టుకు వస్తుందా? రాదు. అమ్మమ్మగారింటికి అయితే తప్పక వస్తుంది.

ఆ ప్రతిమలో రెండు కథలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి ఉన్నాయి. పూజారి చదివే మంత్రం మహిషాసుర మర్దినిది. పాట పాడేది మాత్రం ఉమను గురించి. పర్వతరాజుకు, మేనకకు ఆమె గారాల కూతురు. శ్మశానవాసి అయిన శివుని చేపట్టి కైలాసానికి కాపురం వెళ్ళింది. ఏడాదికొకమారు, శరత్కాలంలో పుట్టింటికి వస్తుంది. సప్తమి, అష్టమి, నవమి, ఈ మూడు రోజులే ఆమె గడువు. దశమి నాడు బయలుదేరవలసిందే.

పంచాంగకర్తలు ప్రతి ఏటా దేవి ఏ వాహనం మీద వస్తున్నదో, ఏ వాహనం మీద వెళ్ళనున్నదో ప్రకటిస్తారు. ఏనుగు, గుర్రం, పడవ, పల్లకి అని వాటిలో నాలుగు విధాలు. సింహవాహినికి పడవ ఎందుకని అడిగేవారు వంగదేశంలో ఉండరు. నదుల మయమైన ఆ సీమలో కూతుళ్ళు పుట్టింటికి వచ్చింది పడవ మీద, పల్లకీలో కనుక.

మేనక అడిగిన ప్రశ్నలు

ఆగమనీ పాటల కథ దాదాపు ఎప్పుడూ ఒక కలతో మొదలవుతుంది. ఉమ గడపలో నిలిచి అమ్మా అని పిలిచినట్లు, కన్ను తెరిచేసరికి మాయమైనట్లు మేనకకు కల వస్తుంది. ఆమె భర్తను తట్టి లేపుతుంది. పిల్లను చూచి ఏడాది అయింది, వెళ్ళి తీసుకురమ్మంటుంది. పర్వతరాజు కదలడు. అప్పుడు ఆమె మాట పదునెక్కుతుంది. నువ్వు పేరుకే కొండవు కాదు, నీ గుండె కూడా రాయే అని దెప్పుతుంది. భర్త పర్వతం కావడం ఈ పాటలు కట్టినవారికి ఎంత చక్కగా కలిసివచ్చిందో చెప్పనలవి కాదు.

ఆ పిమ్మట ఆమె దృష్టి అల్లుని మీదికి మళ్ళుతుంది. ఇల్లు లేదు, వాకిలి లేదు, భిక్షమెత్తి తింటాడట. ఒంటినిండా బూడిద, మెడలో పాములు. వయసా, ఎంతో ఎవరికీ తెలియదు. పైగా నెత్తిన గంగను పెట్టుకున్నాడు. సవతి పోరు కూడా నా బిడ్డకు రాసిపెట్టి ఉన్నదా అని తల్లి కుమిలిపోతుంది. ఇవి శివనింద కావు. ఊరిలో ఎవరో వచ్చి చెవిన వేసిన మాటలకు గుండె పగిలిన తల్లి పలుకులు.

చివరకు ఉమ వస్తుంది. రాగానే అలుగుతుంది. ఒక్కసారైనా నన్ను చూడడానికి వచ్చారా, పిలవకుండానే నేనే వచ్చానని నిష్ఠూరమాడుతుంది. తల్లి అత్తవారింటి సంగతులు తరచి అడిగితే మాత్రం భర్తను వెనకేసుకు వస్తుంది. తనకేమీ లోటు లేదంటుంది. తెలుగునాట ఏ ఇంటి వంటగదిలోనైనా ఈ సంభాషణ వినవచ్చును. అప్పగింతల పాటలకు కన్నీరు పెట్టిన జాతికి మేనకను ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు.

నవమి రాత్రితో పాట మారుతుంది. ఈ రాత్రి తెల్లవారకుండా ఉంటే బాగుండునని తల్లి కోరిక. తెల్లవారుతుంది. ద్వారం వద్ద శివుని డమరుకం మ్రోగుతుంది. పంపనని పంతం పట్టిన తల్లి పంపక తప్పదు.

ఈ పాటలు ఎందుకు పుట్టాయి?

ఈ పాటలకు తొలి రూపమిచ్చినవారిలో ప్రముఖుడు రామప్రసాద్ సేన్. 18వ శతాబ్దివాడు. కలకత్తాకు ఎగువన, గంగ ఒడ్డున ఉన్న హాలీశహర్ ఆయన ఊరు. పొట్టకూటికి కలకత్తాలో గుమాస్తాగా చేరి, లెక్కల పుస్తకంలో పద్దులకు బదులు పాటలు వ్రాసుకున్నాడని, వాటిని చూచిన యజమాని కోపగించుకొనక భృతి ఏర్పరచి ఇంటికి పంపాడని ఐతిహ్యం. ఆయన బ్రతికిన కాలం సుఖమైనది కాదు. 1741 నుండి పదేళ్ళపాటు మరాఠా దండులు వంగదేశాన్ని దోచుకున్నాయి. 1770 నాటి మహాక్షామం లెక్కకు మిక్కిలి ప్రాణాలను బలిగొన్నది. దూరాన ఉన్న బిడ్డ క్షేమం తెలియక తల్లులు తల్లడిల్లిన రోజులవి.

అంతకంటె లోతైన కారణం ఇంటిలోనే ఉన్నది. ఎనిమిదేళ్ళ కన్యను శాస్త్రకారులు 'గౌరి' అన్నారు. ఆ వయసులో బిడ్డను ధారపోస్తే గౌరీదానం చేసిన పుణ్యమన్నారు. దేవిపేరే పిల్లకు పెట్టి, పిల్ల బాధను దేవికి ఆపాదించింది లోకం. కులీన బ్రాహ్మణులలో ఒక్కొక్క పురుషుడు పదుల సంఖ్యలో పెండ్లాడే దురాచారం ఉండేది. అటువంటి వరుల జాబితాను, వారి వారి భార్యల సంఖ్యతో సహా ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1871లో ప్రచురించాడు. ముసలి వరుడు, సవతుల బాధ, భిక్షాటన అని మేనక ఏకరువు పెట్టినవన్నీ ఆనాటి శ్రోతలకు పురాణగాథలు కావు, పొరుగింటి సంగతులు. తెలుగునాట గురజాడ 'కన్యాశుల్కం'లో వేదిక మీద నిలిపిన దారుణాన్నే, అంతకు శతాబ్దం ముందుగా వంగదేశపు తల్లులు దేవత చాటున నిలబడి పాడుకున్నారు.

ఇందులో ఒక ఉపాయమున్నది. కోడలి తల్లి అల్లుని నిందిస్తే సంఘం ఊరుకోదు. మేనక శివుని నిందిస్తే మాత్రం అది భక్తి. నోరు విప్పడానికి వీలులేని వారికి పండుగ ఏటా నాలుగు రోజులు నోరిచ్చింది.

వాకిలి దాటిన పాట

భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో పారిజాతాలు రాలుతూ, రెల్లు పూచే వేళ, ఏకతార చేతబట్టిన వైష్ణవ భిక్షుకులు ఇంటింటి ముందు నిలిచి ఆగమనీ పాడేవారు. లోపలి ఆడవారు పిడికెడు బియ్యం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, పాట అయ్యేవరకు అలాగే నిలబడిపోయేవారు. బర్ధమాన్ ఆస్థానాన్ని ఆశ్రయించిన కమలాకాంత భట్టాచార్యుడు, పాంచాలీ గానంలో పేరుగాంచిన దాశరథి రాయ్ ఈ పాటలకు కొత్త సొగసులు దిద్దారు. కలకత్తాలో ధనికుల లోగిళ్ళలో ఎదురెదురుగా నిలిచి ఆశువుగా పాడే కవిగాయకులలో రామ్ బసు ఆగమనీకి ప్రసిద్ధి కెక్కాడు.

వింత ఏమంటే, ఈ పాటలోకి రావడానికి ఎవరికీ ద్వారం మూసి ఉండలేదు. 19వ శతాబ్ది తొలినాళ్ళలో ఆంటోనీ ఫిరంగీ అనే గాయకుడుండేవాడు. పోర్చుగీసు సంతతివాడు. వంగభాష నేర్చి, కవిగానపు పోటీలలో నిలిచి, ఉమ రాకను పాడి మెప్పించాడు. ఆయన పాడిన తల్లి వేదనలో పరాయితనం ఎవరికీ కానరాలేదు.

మైకేల్ మధుసూదన దత్తు కథ ఇంకా గాఢమైనది. 1843లో క్రైస్తవం స్వీకరించి, ఇంగ్లీషు మహాకవి కావాలన్న ఆశతో కొన్నేళ్ళు మద్రాసులో కాపురమున్నాడు. తన దినచర్యను మిత్రునికి వివరిస్తూ, మధ్యాహ్నం రెండు నుండి అయిదు వరకు తెలుగు, సంస్కృతం చదువుతున్నానని వ్రాశాడు. 1849లో అక్కడే ఇంగ్లీషు కావ్యం అచ్చు వేయించాడు. ఆశించిన కీర్తి రాలేదు. తరువాత మాతృభాషకు మళ్ళి మహాకవి అయ్యాడు. 1860 దశకంలో ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో అప్పులతో, ఆకలితో రోజులు వెళ్ళదీస్తూ ఆయన వంగభాషలో సానెట్లు వ్రాశాడు. అవి 1866లో పుస్తకంగా వెలువడ్డాయి. వాటిలో ఒకదాని పేరు 'విజయాదశమి'. అందులో మాట్లాడేది మేనక. ఆమె వేడుకునేది నవమి రాత్రిని. మతం మారినవాడు, దేశం దాటినవాడు, ఇటలీ నుండి వచ్చిన ఛందస్సులో వ్రాస్తున్నవాడు. ఇంటి మీద బెంగ కలిగినప్పుడు ఆయనకు అక్కరకు వచ్చింది మాత్రం చిన్ననాడు విన్న విజయా పాటే.

ఆ పిమ్మట 1922లో కాజీ నజ్రుల్ ఇస్లాం ఆగమనీని తిరగబెట్టి వాడాడు. దేవి రాకను గురించి తన 'ధూమకేతు' పత్రికలో ఒక కవిత ప్రచురించాడు. దేశం పరాధీనమై నలిగిపోతుంటే ఇంకెంతకాలం మట్టిబొమ్మవై దాగి ఉంటావని దేవిని నిలదీసిన కవిత అది. ప్రభుత్వం ఆ సంచికను నిషేధించింది. 1923 జనవరిలో ఆయనకు ఏడాది కఠిన కారాగారం విధించారు. ఆనాడు మేనక అల్లుని నిందించినట్లే, నజ్రుల్ దేవత చాటున పాలకులను నిందించాడు. ఈమారు మాత్రం ఆ చాటు ఆయనను కాపాడలేదు.

మార్చరాని గొంతు

రేడియో వచ్చిన తరువాత భిక్షుకుని ఏకతార పలుచబడింది. గ్రామఫోను కంపెనీలు ఏటా పూజకు కొత్త పాటల రికార్డులు విడుదల చేశాయి. 1930 దశకం తొలి ఏళ్ళలో కలకత్తా రేడియో కేంద్రం 'మహిషాసుర మర్దిని' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. రచన బాణీ కుమార్, సంగీతం పంకజ్ మల్లిక్, పఠనం బీరేంద్ర కృష్ణ భద్ర. చండీ శ్లోకాల నడుమ దేవి రాకను పాడే గీతాలు కూర్చారు. యుద్ధం చేసే దేవి, ఇంటికి వచ్చే కూతురు ఇద్దరూ ఒకే కార్యక్రమంలో కలిశారు. మొదట ఏళ్ళ తరబడి కళాకారులు అర్ధరాత్రి కేంద్రానికి చేరి నేరుగా పాడేవారు. రికార్డు వేయడం తరువాతి కాలపు ఏర్పాటు.

1976లో ఆకాశవాణి ఆ కార్యక్రమాన్ని మార్చింది. బీరేంద్ర కృష్ణుని స్థానంలో వెండితెర కథానాయకుడు ఉత్తమ్ కుమార్ గొంతు వినిపించింది. సంగీతం హేమంత ముఖోపాధ్యాయది. ఇద్దరూ వంగీయుల ఆరాధ్యులే. అయినా శ్రోతల ఆగ్రహం కట్టలు తెంచుకున్నది. దేశంలో అత్యవసర పరిస్థితి అమలులో ఉన్న రోజులవి. ఎన్నో విషయాలలో నోరు మెదపని జనం ఈ ఒక్క విషయంలో ఊరుకోలేదు. ఆ ఏడే షష్ఠి నాడు పాత కార్యక్రమం మళ్ళీ వినిపించవలసి వచ్చింది. మరుసటి ఏటి నుండి మహాలయ ఉదయం పాత గొంతుదే అయింది. బీరేంద్ర కృష్ణ భద్ర 1991లో కన్నుమూశారు. ఆయన కంఠం మాత్రం ఏటా ఉమకంటె వారం ముందుగా నగరానికి వస్తూనే ఉన్నది.

ఆ తగవు గాయకుల గొప్పతనాన్ని గురించి కాదు. పండుగ పాట కచేరీ పాట వంటిది కాదు. కచేరీలో శ్రోత కొత్తదనం కోరుతాడు. పండుగలో నిరుడు విన్నదే వినగోరుతాడు. ఆ పాట వింటూ పోయిన తల్లి, పెళ్ళయి వెళ్ళిన చెల్లి ఆ గొంతుతో పాటే తలపునకు వస్తారు కనుక.

పండుగను పాట మోయడం ఒక్క వంగదేశపు వింత కాదు. కాస్పియన్ సముద్ర తీరాన అజర్‌బైజాన్‌లో మార్చి మాసంలో నౌరూజ్ జరుపుకుంటారు. స్త్రీలు పళ్ళెంలో గోధుమలు మొలకెత్తించి, ఆ పచ్చని మొలకకు ఎర్రని పట్టీ కట్టి, దానిని ఉద్దేశించి పాడుకుంటారు. తీగవాద్యం చేతబట్టి కథాగానం చేసే అక్కడి 'ఆషిక్' గాయకుల కళను 2009లో యునెస్కో మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చింది. కోల్‌కతా దుర్గా పూజకు ఆ గౌరవం 2021 డిసెంబరులో లభించింది. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. గుర్తింపులు మంచివే. అయితే పట్టిక పండుగను కాపాడగలదు గాని, పండుగ ఎందుకో చెప్పలేదు. ఆ పని పాటదే.

దశమి నాటి చెవిమాట

ఆ సంగతి తెలియాలంటే దశమి నాడు చూడాలి. కొన్ని పాత ఇళ్ళలో ఆనాడు దేవికి నైవేద్యం పిండివంటలు కాదు, చద్దన్నం, చేమకూర. బిడ్డ వెళ్ళిపోయే రోజున పొయ్యి వెలిగించడానికి తల్లికి చేతులెట్లా వస్తాయని దాని భావం. మధ్యాహ్నం ముత్తైదువలు వరుసగా వచ్చి ప్రతిమ ముఖాన్ని తమలపాకులతో తుడుస్తారు. నుదుట సిందూరం దిద్దుతారు. పెదవులకు మిఠాయి తాకిస్తారు. పిమ్మట ముందుకు వంగి ఆ మట్టి చెవిలో ఏదో చెబుతారు. మళ్ళీ ఏడు రావమ్మా అని చెప్పేవారే ఎక్కువ. పది చేతుల మహాశక్తికి ధైర్యం చెప్పి సాగనంపే ఆ స్త్రీలలో మేనక కాని వారెవరు?

1757లో రాజా నవకృష్ణ దేవ్ ప్రారంభించిన శోభాబజార్ రాజభవనపు పూజలో ఇంకొక ఆచారముండేది. ఉమ తిరిగి వస్తున్నదని శివునికి ముందుగా కబురు అందజేయడానికి నీలకంఠ పక్షిని ఎగురవేసేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత సజీవ పక్షులను పట్టడం నేరమయింది. ఇప్పుడు కబురు మోసేది మట్టి పక్షి.

ఈ పండుగలో ఇంకొక పాడని పాట కూడా ఉన్నది. ఢాక్ అనే పెద్ద డోలు లేనిదే పూజ లేదు. దానిని వాయించేవారు పల్లెల నుండి వస్తారు. పూజకు ముందు సియాల్దా స్టేషను బయట డోళ్ళతో నిలబడి, ఏ మంటపంవారు పిలుస్తారా అని ఎదురుచూస్తారు. ఊరంతా బిడ్డలను ఇంటికి పిలుచుకునే నాలుగు రోజులూ వారు తమ బిడ్డలకు దూరంగా ఉంటారు. దశమి డోలు మ్రోగించి, చేతికి వచ్చిన డబ్బుతో పిల్లలకు బట్టలు కొని రైలెక్కిన తరువాతనే వారి పండుగ.

ఇప్పుడు బాల్యవివాహాలు చట్టరీత్యా నేరం. కూతురి ముఖం చూడడానికి ఏడాది ఆగనక్కరలేదు, చేతిలోని ఫోను చాలు. అయితే ఆగమనీ పాటకు కారణం తీరిపోయిందా? కోల్‌కతా అపార్ట్‌మెంటు ఇళ్ళను చూస్తే అట్లా తోచదు. కొడుకు బెంగుళూరులో, కూతురు హైదరాబాదులో లేదా సముద్రాల అవతల. పంచమి నాటికి విమానం దిగుతారు, ఏకాదశికి వెళ్ళిపోతారు. మధ్య ఉన్నవి అవే మూడు నాలుగు రోజులు. పల్లకి పోయి విమానం వచ్చింది. గుమ్మంలో నిలబడే మనిషి మారలేదు.

శివుని కడకు కబురు తీసుకుపోయే ఆ నీలకంఠ పక్షి తెలుగువారికి కొత్తది కాదు, అది పాలపిట్టే. తెలంగాణలో దసరా నాటి సాయంకాలం ఊరి బయటకు వెళ్ళి పాలపిట్టను చూడడం శుభమంటారు. కోల్‌కతాలో తల్లి కూతురిని సాగనంపే వేళకే ఇక్కడ జనం తలలెత్తి ఆకాశంలో నీలిరెక్కల కొరకు వెదకుతారు. ఆ రెక్కలు ఎవరి కబురు మోసుకు వచ్చాయో వారికి తెలియనక్కరలేదు. బిడ్డ చల్లగా ఇల్లు చేరిందన్న కబురైతే అంతకంటె శుభం ఇంకేమున్నది?